ఏడో ఇన్నింగ్స్‌లో బంతి ఎవరి చేతికి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం బేస్‌బాల్ గురించే, అందులోనూ మా సియాటెల్ మెరైనర్స్ గురించే. కొత్త సీజన్ దగ్గర పడుతోంది, పోయిన అక్టోబర్ మంట ఇంకా చల్లారలేదు. అందుకని వీసాలు, ఇంటి లోన్లు, సంబంధాల గొడవలు వచ్చే నెలకి వాయిదా.

ప్రశ్న: మా వారు అక్టోబర్ 20 నుంచి మనిషిలా లేరు. టీవీలో టొరంటో పేరు వినిపిస్తే ఛానల్ మార్చేస్తున్నారు. కంచం ముందు కూర్చుని కూడా "మునోజ్‌ని దించి ఉంటేనా..." అంటారు. ఎవరండీ ఈ మునోజ్? దించి ఉంటే నిజంగా గెలిచేవాళ్ళా?
– ఒక గృహిణి, బోథెల్

జవాబు: అమ్మా, మీ వారి పక్కన నాకూ ఒక కంచం వెయ్యండి. మా ఇంట్లోనూ ఇదే పాట.

ముందు జరిగింది చెబుతాను. మేజర్ లీగ్‌లో 30 జట్లుంటే, వరల్డ్ సిరీస్ (ఆఖరి ఫైనల్) ఒక్కసారి కూడా ఆడనిది మెరైనర్స్ మాత్రమే. 1977లో పుట్టిన జట్టు. 2025లో ఆ గుమ్మం దాకా వెళ్ళాం. అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో టొరంటో బ్లూ జేస్‌తో చెరి మూడు గెలిచి ఏడో మ్యాచ్‌కి వచ్చాం. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఏడోది మొదలయ్యేసరికి 3-1తో ముందున్నాం. అప్పటికి మన పిచ్చర్ (బంతి విసిరేవాడు) బ్రయన్ వూ వేస్తున్నాడు. మొదటివాడికి వాక్ (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) ఇచ్చాడు. రెండోవాడు సింగిల్ కొట్టాడు. మూడోవాడు బంట్ చేసి (బంతిని బ్యాట్‌తో మెల్లగా తాకించి), తను ఔటైపోయి, ఆ ఇద్దరినీ ఒక్కో బేస్ ముందుకి జరిపాడు. రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు, ఒకటే ఔట్. బ్యాటింగ్‌కి జార్జ్ స్ప్రింగర్. ఐదో మ్యాచ్‌లో ఇదే వూ వేసిన బంతి మోకాలి చిప్పకి తగిలి బయటికి వెళ్ళిపోయినవాడు.

మన మేనేజర్ (జట్టుని నడిపే కోచ్) డాన్ విల్సన్ వూని ఆపేసి ఎడ్వర్డ్ బజార్డోని పిలిచాడు. బజార్డో సింకర్ వేశాడు. స్ప్రింగర్ దాన్ని లెఫ్ట్ ఫీల్డ్ స్టాండ్స్‌లో పడేశాడు. మూడు పరుగులు. 4-3. ఆ తర్వాత మనవాళ్ళు ఒక్క పరుగు కూడా చెయ్యలేదు. మన క్లోజర్ ఆండ్రెస్ మునోజ్, అంటే చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి తలుపు మూసేవాడు, ఆ ఏడో ఇన్నింగ్స్‌లో మైదానంలో అడుగే పెట్టలేదు.

విల్సన్ లెక్క నాకు అర్థం కాకపోలేదు. బజార్డో సీజనంతా నమ్మకంగా వేసినవాడే. సింకర్ కిందికి దిగుతుంది, సరిగ్గా పడితే బ్యాటర్ నేల మీదికి కొడతాడు, ఇన్‌ఫీల్డర్ అందుకుంటాడు. కానీ మూడో బేస్‌లో మనిషి ఉన్నప్పుడు నేల బంతికి ఔట్ దొరికినా ఒక పరుగు పోవచ్చు. స్ట్రయికౌట్ (బంతి తగలకుండానే బ్యాటర్ ఔటవడం) అయితే ఎవడూ కదలడు. మన దగ్గర స్ట్రయికౌట్‌కి పెట్టింది పేరు మునోజ్. గంటకి దాదాపు 100 మైళ్ళ ఫాస్ట్‌బాల్, వెనకాలే పక్కకి జారి బ్యాట్‌కి దొరకని స్లైడర్. అతన్ని ఆఖరి ఇన్నింగ్స్‌ల కోసం దాచారు. మ్యాచ్ పోయేది ఏడులోనే అయితే తొమ్మిది దాకా దాచి ఏం లాభం?

నాకు ఇంకా కడుపుమంట ఎందుకంటే, ఈ సంగతి విల్సన్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1995 అక్టోబర్ 8న యాంకీస్‌తో ఐదో మ్యాచ్. సమాన స్కోరు, తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు బేస్‌ల మీద, ఒక్క ఔటూ లేదు. అప్పటి మేనేజర్ లూ పినెల్లా, రెండు రోజుల ముందే స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌గా) వేసిన ర్యాండీ జాన్సన్‌ని బుల్‌పెన్ (మిగతా పిచ్చర్లు సిద్ధమయ్యే చోటు) నుంచి పిలిచాడు. జాన్సన్ గట్టెక్కించాడు. పదకొండులో ఒక పరుగు ఇచ్చినా, ఎడ్గార్ మార్టినెజ్ డబుల్‌తో మనం గెలిచాం. ఆ రోజుల్లో మన క్యాచర్ (పిచ్చర్ విసిరిన బంతిని అందుకునేవాడు) ఈ డాన్ విల్సనే.

పోనీ అవన్నీ పాతకాలం కబుర్లు అనుకుందామా అంటే, టొరంటో వెళ్ళడానికి ముందు డెట్రాయిట్‌తో ఐదో మ్యాచ్‌లో విల్సన్ సరిగ్గా అదే పని చేశాడు. 15 ఇన్నింగ్స్‌ల మ్యాచ్. స్టార్టర్లు లోగన్ గిల్బర్ట్, లూయిస్ కాస్టియో ఇద్దరూ బుల్‌పెన్ నుంచి వచ్చి వేశారు. చివరికి మన బ్యాటర్ పొలాంకో సింగిల్‌తో 3-2. పది రోజుల కిందట చేసిన సాహసం ఆ సోమవారం రాత్రి ఎందుకు చెయ్యలేదో మరి.

మునోజ్ వచ్చి ఉంటే గెలిచేవాళ్ళమా అంటే, ఎవరు చెప్పగలరమ్మా? అతనూ వాక్‌లు ఇస్తాడు. కాకపోతే ఓడినా మా కంచాల ముందు ఇంత రచ్చ ఉండేది కాదు. మీ వారికి ఆ డెట్రాయిట్ మ్యాచ్ ఇంకోసారి పెట్టి చూపించండి. ఐదు గంటలు పడుతుంది, వంట ముందే చేసుకోండి.

ప్రశ్న: మీరేమో "అలవాటు లేని చోట అసలు మనిషిని దించాలి" అంటున్నారు. 2022లో అదే చేసి మా చేతిలో దెబ్బ తిన్నారుగా! యోర్డాన్ అల్వరెజ్ గుర్తున్నాడా?
– ఆస్ట్రోస్ అభిమాని, కేటీ, టెక్సస్

జవాబు: గుర్తులేకేం. 2022 అక్టోబర్ 11, హ్యూస్టన్. తొమ్మిదో ఇన్నింగ్స్, 7-5తో మేం ముందు. క్లోజర్ సీవాల్డ్‌ని తీసేసి స్టార్టర్ రాబీ రేని దించారు. అల్వరెజ్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, 8-7, అయిపోయింది.

కానీ బాబూ, అక్కడ రేని పిలిచింది అతను మా దగ్గరున్న అందరికన్నా మేటి అని కాదు. బ్యాటర్ ఎడమచేతివాడు, రే ఎడమచేతివాడు, అలాంటి జోడీలో కాగితం మీద పిచ్చర్‌దే పైచేయి. నేనంటున్నది కాగితం పక్కన పెట్టి ఆ రోజుకి అందరికన్నా గట్టివాడిని పిలవమని. రెండూ ఒకటి కాదు.

అదే సిరీస్‌లో మూడో మ్యాచ్ మీరు ఎత్తలేదు, థాంక్స్. 18 ఇన్నింగ్స్‌లు ఆడి మేం ఒక్క పరుగు చెయ్యలేదు, మీరు ఒకటి చేశారు. మా పిచ్చర్లు అంతకన్నా ఏం చెయ్యాలి?

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి రెంటన్ వచ్చి ఉన్నాను. క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగను. ఒక పిచ్చర్ చక్కగా వేస్తుంటాడు, ఉన్నట్టుండి మేనేజర్ నడుచుకుంటూ వెళ్ళి బంతి లాక్కుంటాడు. మళ్ళీ అయిదు రోజుల దాకా అతను కనపడడు. మన బౌలర్లు రోజుకి ఇరవై ఓవర్లు వేసి మర్నాడు మళ్ళీ వస్తారే! ఇదేం సుకుమారం?
– రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు

జవాబు: మాస్టారూ, సుకుమారం కాదండీ, మోచెయ్యి. క్రికెట్‌లో చెయ్యి వంచి విసిరితే నోబాల్. ఇక్కడ విసరడమే ఉద్యోగం. గంటకి 95 మైళ్ళ మీద విసిరే ప్రతిసారీ మోచేతి లోపలి లిగమెంట్ మీద విపరీతమైన లాగుడు. అది తెగితే, ఒంట్లో ఇంకో చోటి టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) తెచ్చి కుట్టే టామీ జాన్ సర్జరీ, ఆ పైన ఏడాదికి తగ్గకుండా విశ్రాంతి. పై ప్రశ్నలోని రాబీ రే 2023లో ఒక్క మ్యాచ్ వేసి ఆ సర్జరీకే వెళ్ళాడు. అందుకే స్టార్టర్‌ని 90, 100 బంతుల దగ్గర ఆపేస్తారు, అయిదుగురిని వంతులవారీగా తిప్పుతారు. 162 మ్యాచ్‌ల సీజన్ మరి.

ఇంకో కారణం కూడా ఉంది. బ్యాటింగ్ వరసలో తొమ్మిది మందే. ఆరో ఇన్నింగ్స్ వచ్చేసరికి ఆ మొదటివాళ్ళు ఇదే పిచ్చర్‌ని మూడోసారి చూస్తారు. మొదటిసారి మోసపోయిన స్లైడర్‌ని మూడోసారి ముందే పసిగడతారు. మీ కళ్ళకి చక్కగా వేస్తున్నట్టే ఉంటాడు, బ్యాటర్ల కళ్ళకి అలవాటు పడిపోయుంటాడు.

ఒకసారి బయటికి పంపితే మాత్రం ఆ మ్యాచ్‌లోకి మళ్ళీ రాకూడదు. మన కెప్టెన్ ఒక స్పెల్ ఆపి సాయంత్రం మళ్ళీ పిలిచినట్టు ఇక్కడ కుదరదు. మేనేజర్ గుట్ట (పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ) ఎక్కేటప్పుడు అంత మెల్లగా నడిచేది అందుకేనేమో.

ప్రశ్న: అంకుల్, నాకు పదకొండేళ్ళు. లిటిల్ లీగ్‌లో పిచ్చర్‌ని. మా కోచ్ 85 బంతులు కాగానే ఆపేస్తారు, నాకింకా ఓపిక ఉన్నా. మెరైనర్స్‌లో ఎవరిలా వెయ్యడం నేర్చుకోవాలి? (అమ్మమ్మ చేత రాయిస్తున్నాను.)
– సమామిష్

జవాబు: నాన్నా, 85 అనేది మీ కోచ్ పెట్టింది కాదు, నీ వయసుకి లిటిల్ లీగ్ పెట్టిన రూలు. 66కి చేరితే నాలుగు రోజులు గుట్ట ఎక్కకూడదని కూడా ఉంది. ఓపిక ఉన్నప్పుడే ఆపాలి.

జార్జ్ కర్బీని చూడు. 2023లో 190కి పైగా ఇన్నింగ్స్ వేసి మొత్తం మీద 19 వాక్‌లే ఇచ్చాడు. పది ఇన్నింగ్స్‌కి ఒకటి! బంతి ఎంత జోరుగా వెళ్తోందో తర్వాత చూద్దువుగాని. ముందు క్యాచర్ గ్లవ్ ఎక్కడ పెడితే అక్కడ పడుతోందా లేదా చూసుకో. అమ్మమ్మగారికి నమస్కారాలు చెప్పు, చేతిరాత ముత్యాల్లా ఉంది.

ప్రశ్న: చుట్టూ తిప్పకుండా చెప్పండి. ఈ ఏడాది ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్లకి) వెళ్తామా? పిచింగ్ ఒక్కటే చాలుతుందా?
– రెడ్మండ్

జవాబు: వెళ్తాం. చాలదు.

2024 చూడండి. గిల్బర్ట్, కర్బీ, కాస్టియో, వూ, బ్రైస్ మిల్లర్. ఆ ఏడాది మన స్టార్టర్లతో తూగే స్టార్టర్లు ఏ జట్టుకీ లేరు. అయినా 85 గెలిచి, ఒక్క మ్యాచ్ తేడాతో ఇంట్లో కూర్చున్నాం. 2023లోనూ 88 గెలిచి అదే ఒక్క మ్యాచ్ తేడా. బ్యాటర్లు గాలిలో ఊపుతూ పోతే పిచ్చర్ ఏం చేస్తాడు? ఫెలిక్స్ హెర్నాండెజ్ 2010లో సై యంగ్ అవార్డు (ఏడాది మేటి పిచ్చర్‌కి ఇచ్చేది) తెచ్చుకున్నప్పుడు గెలుపోటములు 13-12. 2012 ఆగస్టు 15న టాంపా బే మీద పర్ఫెక్ట్ గేమ్ (ఎదుటివాళ్ళలో ఒక్కడూ బేస్ చేరని మ్యాచ్) వేసిన రోజు కూడా మనవాళ్ళు అతనికిచ్చింది ఒకే ఒక పరుగు. ఆ మధ్యాహ్నం నేను ఆఫీసు మీటింగులో టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని స్కోరు చూస్తూ, మేనేజర్ అడిగినవాటన్నిటికీ తలూపాను. అంతటి ఫెలిక్స్ ప్లేఆఫ్స్‌లో ఒక్క బంతి వెయ్యకుండానే రిటైరయ్యాడు.

2025లో మాత్రం తారుమారైంది. కర్బీ, గిల్బర్ట్, మిల్లర్ ఒకరి తర్వాత ఒకరు గాయాలతో కూర్చున్నారు, బ్యాట్లే జట్టుని లాగాయి. క్యాచర్ కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు, క్యాచర్లలో ఎవరూ ఇంతవరకు కొట్టనన్ని. 90 గెలుపులతో 2001 తర్వాత మొదటిసారి డివిజన్ (లీగ్‌లో మన అయిదు జట్ల గుంపు) మనది.

ఇప్పుడు పొలాంకో మెట్స్‌కి వెళ్ళిపోయాడు, అది లోటే. మన బ్యాటర్ జాష్ నేలర్ అయిదేళ్ళకి సంతకం పెట్టాడు. ఎడమచేతి రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచ్చర్) హొసే ఫెరర్‌ని వాషింగ్టన్ నుంచి తెచ్చారు. ఏడో ఇన్నింగ్స్‌లో పిలవడానికి ఇంకో మనిషి దొరికాడని నాకు అన్నిటికన్నా దీనికే సంతోషం.

ఒక్కో లీగ్ నుంచి ఆరు జట్లు వెళ్ళే ప్లేఆఫ్స్‌లో అడుగు పెట్టడం ఒక ఎత్తు, మొదటి రెండు స్థానాల్లో ఉండి తొలి రౌండు తప్పించుకోవడం ఇంకో ఎత్తు. పిచ్చర్లకి ఆ నాలుగైదు రోజుల విశ్రాంతి బంగారం. నిరుడు మిల్లర్ మూడు రోజుల విరామంతో టొరంటోలో మొదటి మ్యాచ్‌కి దిగాడు. మొదటి బంతికే హోమ్ రన్ ఇచ్చాడు (కొట్టింది ఎవరో చెప్పాలా, స్ప్రింగరే). ఆ తర్వాత ఆరు ఇన్నింగ్స్ దాకా ఇంకో పరుగు ఇవ్వలేదు. అలాంటి అద్భుతాలు రోజూ అడిగితే ఎలా?

నా అసలు టెన్షన్ వూ గురించి. 2024లో 121 ఇన్నింగ్స్ వేసినవాడు 2025లో ఒక్కసారిగా 186 వేశాడు. గెలుపోటములు 15-7, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున తన ఖాతాలో ఇచ్చిన పరుగులు) 2.94. కాదనలేం, కానీ సెప్టెంబర్‌లో ఛాతీ కండరం పట్టేసి డెట్రాయిట్ సిరీస్ మొత్తం బయటే ఉన్నాడు. టొరంటోతో వచ్చినా స్టార్టర్‌గా రాలేకపోయాడు, బుల్‌పెన్ నుంచి రెండేసి ఇన్నింగ్స్. ఆ ఏడో మ్యాచ్‌ని ఒంట్లో బలం ఉన్న వూ మొదలుపెట్టి ఉంటే, మునోజ్ చర్చే వచ్చేది కాదు. కాబట్టి ఆగస్టులో అతని వంతు రెండుసార్లు ఎగ్గొట్టి కుర్రాళ్ళెవరికైనా ఇవ్వాలి. దానివల్ల ఒక మ్యాచ్ పోతే పోనివ్వండి అనేవాణ్ణి, కానీ 2023, 2024 రెండూ చూశాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. డివిజన్‌లో అయిదారు మ్యాచ్‌లు ముందుంటే ఎగ్గొట్టమంటాను, లేకపోతే వెయ్యమంటాను.

ప్రశ్న: ఏప్రిల్‌లో అత్తగారూ మామగారూ వస్తున్నారు. ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళాలని ఉంది. ఏ మ్యాచ్‌కి టికెట్ కొనాలి?
– లిన్‌వుడ్

జవాబు: ఎదుటి జట్టు పేరు చూసి కొనకండి, మన పిచ్చర్ ఎవరో చూసి కొనండి. రెండు మూడు రోజుల ముందే పేర్లు ప్రకటిస్తారు. కర్బీ రోజైతే వాక్‌లు తక్కువ, ఆట చకచకా నడుస్తుంది, పెద్దవాళ్ళకి విసుగు రాదు. పిచ్ క్లాక్ (బంతి ఇంతలోపు విసరాలని పెట్టిన గడియారం) వచ్చాక ఎలాగూ రెండున్నర, మూడు గంటల్లో అయిపోతోంది. లిన్‌వుడ్‌లో లైట్ రైల్ ఎక్కితే స్టేడియం స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు, పార్కింగ్ బాధ ఉండదు. వర్షం వస్తే పైకప్పు మూస్తారు గానీ పక్కలు తెరిచే ఉంటాయి, సముద్రం చలి లోపలికి కొడుతుంది. అత్తగారికి స్వెటర్, మామగారికి మఫ్లర్ తప్పనిసరి. వెల్లుల్లి ఫ్రైస్ శాకాహారులకీ పరవాలేదు. వేయించిన మిడతలు కూడా అమ్ముతారక్కడ, ఆ కౌంటర్ వైపు మాత్రం తీసుకెళ్ళకండి.