సమాధానం: కష్కాయ్ తివాచీ ఎరుపులో లేత అడ్డపట్టీలు, వెలిసిందా?

ఎండకు వెలిసింది కాకపోవచ్చు, అబ్రష్‌లా (నేతలోనే వచ్చిన ఛాయ తేడాలా) ఉంది. ఇరాన్‌లోని షీరాజ్ ప్రాంతపు కష్కాయ్ సంచార తెగవారు ఉన్నికి కొద్దికొద్దిగా రంగు అద్దుకునేవారు. ఒక దఫా ఉన్ని అయిపోయి మరో దఫా మొదలైన వరుసలో ఛాయ మారుతుంది.

1. పట్టీ పేక (అడ్డపోగు) వెంట అడ్డంగా, తిన్నగా సాగిందా చూడండి. సాగితే అబ్రష్ కావచ్చు.

2. తివాచీని తిరగేయండి. చాలామంది వదిలేసేది ఇదే. వెనక ముడుల్లోనూ సరిగ్గా అదే వరుసలో ఛాయ మారితే అబ్రష్. వెనకంతా ఒకే ముదురు ఎరుపైతే పైన వెలిసినట్టే.

3. ఇంకా అనుమానమా? ముందువైపు ఉన్ని కుచ్చును ముడిదాకా విడదీయండి. మొదట్లో ముదురు, కొసన లేత ఉంటే వెలిసింది.

4. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల అద్దండి. ఎరుపు అంటితే ఇంట్లో ఉతకొద్దు.

అబ్రష్ అయితే రంగు పూయించకండి. అది లోపం కాదు, చేతిపని గుర్తు.