ఆకాశరామన్న ఉత్తరం, తెలిసినవాళ్ల కవర్లో

బిడ్డా,

నువ్వు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోంచి ఎగ్జిట్ అయ్యావని అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసి చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఇరవై ఒక్క రోజులు కాకరకాయ రసం తాగితే షుగర్ గోళీలు మానేయొచ్చని బావ, అదే మీ నాన్న, పెట్టిన మెసేజ్ నేనూ చూశాను. దాని కింద నువ్వు "చదువుకున్నవాళ్లు కూడా ఇలాంటి చెత్త పంపితే ఎట్లా నాన్నా" అని రాసిందీ చూశాను. నువ్వు చెప్పిన విషయం నూటికి నూరుపాళ్లు కరెక్ట్. చెప్పిన చోటు మాత్రం తప్పు. ఆ గ్రూపులో మీ అక్క మామగారున్నారు. వియ్యంకుడి ముందు కన్నకూతురు మాట అంటే ఆ మనిషికి ఎట్లా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు.

ఇంకో సంగతి నువ్వు గమనించలేదు. తేదీలు చూడు. మీ పెద్దనాన్నకు షుగర్ నాలుగొందలు దాటిందని తెలిసిన సాయంత్రమే బావ ఆ మెసేజ్ పెట్టాడు. వాకింగ్‌లో కలిసే ఫ్రెండ్ పంపింది, అన్నకు పనికొస్తుందని పంపాడు. పూర్వం ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ఇంటికొకరు వచ్చి తలా ఒక కషాయం చెప్పి పోయేవాళ్లు. బావ చేసిందీ అదే. నీకు కనబడింది చెత్త, ఆయన పంపింది అన్న మీద బెంగ. ఆ బెంగను ముందు గుర్తిస్తేనే నువ్వు తర్వాత చెప్పే మాట ఆయన చెవికెక్కుతుంది.

నేను ముప్ఫై ఆరేళ్లు పోస్టాఫీసులో పనిచేశాను కదా. టెలిగ్రాం ఇవ్వాలంటే ఫారం నింపాలి, పంపేవాడి పేరూ అడ్రసూ రాయాలి, మాటకింతని డబ్బు కట్టాలి. మాటమాటకీ ఖర్చు కాబట్టి జనం ఆలోచించి రాసేవాళ్లు. 2013 జూలైలో ఆ టెలిగ్రాం ఆగిపోయింది. ఇక పంపినవాడి పేరూ ఊరూ లేకుండా ఇళ్లకు వచ్చే ఉత్తరాలుండేవి. వాటిని ఆకాశరామన్న ఉత్తరాలని చించి పారేసేవాళ్లం. మీ నాన్న కూడా పారేసేవాడు, ఆయనేం అమాయకుడు కాదు. మరి ఇప్పుడెందుకు నమ్ముతున్నాడంటే, ఫోన్లో పైన కనబడేది ఫ్రెండ్ పేరు. పంపినవాడు మనకు తెలుసు, రాసినవాడెవడో తెలియదు. ఆకాశరామన్న ఉత్తరమే తెలిసినవాళ్ల కవర్లో వస్తోంది. నీతో సహా మీ తరం వాళ్లు మా తరాన్ని చూసి విసుక్కునేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 2018 ఎండాకాలం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని మెసేజ్‌లు, వాయిస్‌లు ఊరూరా తిరిగాయి. వాటితో పాటు ఒక వీడియో. బైక్ మీద ఇద్దరొచ్చి వీధిలో ఆడుకునే పిల్లాడిని లాక్కుపోతారు. నేను దాన్ని మా స్టాఫ్ గ్రూపులో పెట్టాను, "జాగ్రత్త" అని కూడా రాశాను. మర్నాడు సాయంత్రం మా వీధి మలుపులో సైకిల్ మీద దుప్పట్లు అమ్ముకునే ఒక అబ్బాయిని పది పదిహేనుమంది ఆపేశారు. అతనికి తెలుగు రాదు. సైకిల్ పడేశారు, దుప్పట్లు మోరీ పక్కన బురదలో పడ్డాయి. అతను జేబులోంచి ఆధార్ కార్డు తీసి పట్టుకున్నాడు, చెయ్యి వణుకుతుంటే ఆ కార్డు కూడా వణికింది. ఒకడు ఫోన్ తీసి "ఇదిగో చూడండి, వీళ్లే" అని వీడియో చూపిస్తున్నాడు. నేను పంపిన వీడియోనే అది. మా ఆఫీసు అబ్బాయి నుంచి అతనికి వచ్చిందట. దేవుడి దయవల్ల ఎవరూ చెయ్యి చేసుకోకముందే కానిస్టేబుల్ వచ్చాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఒక్క మాట నోట రాలేదు.

తర్వాత తెలిసింది ఆ వీడియో సంగతి. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన వీడియో. అసలు దాంట్లో చివరికి పిల్లాడిని వెనక్కి తెచ్చి దించేస్తారు, తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలని రాసిన బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించారు. ఆ ఏడాది మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇలాంటి పుకారు నమ్మిన గుంపు ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురిని చంపేశారు. మన పక్కన గద్వాలలో మాత్రం అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊళ్లమీదికి పంపారు. డప్పు కొట్టించి, పాటలు కట్టించి, వాట్సాప్‌లో వచ్చే పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ఆమె పరిధిలో దాదాపు నాలుగొందల ఊళ్లున్నాయి, ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ పోలీసులు ఎవర్నీ మూర్ఖులనలేదు. మనుషుల దగ్గరికి పోయి, వాళ్ల భాషలో, వాళ్ల పాటలో చెప్పారు. నీకూ అదే చెప్తున్నాను.

కాబట్టి ముందు బావకు ఫోన్ చెయ్యి. మెసేజ్ పెట్టకు, లింక్ అసలే పంపకు. గ్రూపులో అన్నమాటకు సారీ చెప్పు. ఆ తర్వాత అడగాల్సిన మొదటి ప్రశ్న, "నాన్నా, మీరుగానీ పెద్దనాన్నగానీ గోళీలు మానేశారా" అని. అన్నిటికంటే ముఖ్యం అదే. నాకు అనుమానంగానే ఉంది, ఎందుకంటే అక్క రోజూ కాకరకాయలు తెప్పిస్తోంది. రసం తాగితే తాగనీ, డాక్టర్‌తో ఒక మాట చెప్పి తాగమను, గోళీ మాత్రం డాక్టర్ చెప్పకుండా ఆపొద్దను.

ఆయన చల్లబడ్డాక, ఇంటికి వచ్చినప్పుడు, పక్కన కూర్చుని ఆయన ఫోన్లోనే చూపించు. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్క మనిషికో ఒక్క గ్రూపుకో మాత్రమే పంపనిస్తుంది. "ఎందుకో తెలుసా నాన్నా" అని అడిగి ఆయన్నే ఆలోచించనివ్వు. ఊరు లేదు, తేదీ లేదు, "వెంటనే అందరికీ పంపండి" అని ఉందంటే ఆకాశరామన్నే. ఫోటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి, అది మొదట ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో వెతకడం నేర్పు. హైదరాబాద్ వాళ్ల ఫ్యాక్ట్‌లీ తెలుగులోనే రాస్తుంది, బావ తీరిగ్గా చదువుకుంటాడు. పేరున్న డాక్టర్ల మొహమూ గొంతూ ఏఐతో తయారుచేసి షుగర్ మందులమ్మే వీడియోలు కూడా వస్తున్నాయని చెప్పు. వాటిని నేను కూడా పోల్చుకోలేను, అందుకే ఫోన్లో ఏ డాక్టర్ చెప్పినా మన డాక్టర్‌ను అడిగేదాకా నమ్మను.

నోట్ల రద్దప్పుడు 2016లో రెండు వేల నోటులో చిప్ ఉందన్నారు గుర్తుందా? మా కౌంటర్ దగ్గర జనం నోటును వెలుతురుకు పట్టి చూసేవాళ్లు. అప్పుడు నాకు ఫోన్ చేసి "బామ్మర్దీ, అదంతా ఉత్తదే" అన్నది బావే. ఆ సంగతి ఆయనకు గుర్తుచెయ్యి. తానూ ఒకప్పుడు అబద్ధాన్ని పట్టుకున్నానని గుర్తొస్తే మళ్లీ పట్టుకుంటాడు. కాకరకాయ మెసేజ్ గురించి గ్రూపులో సరిదిద్దే మాట రాయాలంటే ఆయన చేతే రాయించు. నువ్వు రాయకు.

ఆయన ఒకటి రెండు సార్లు మళ్లీ తప్పు ఫార్వర్డ్ పెడతాడు. పెట్టనీ. ప్రతిదానికీ గొడవపడకు. దేవుడి బొమ్మలు, శుభోదయాలు, జాతీయ గీతానికి యునెస్కో బహుమతి ఇచ్చిందన్న పాత అబద్ధాలు, ఇవి వదిలెయ్. మందు, డబ్బు, ఫలానా కులంవాళ్లు ఫలానా మతంవాళ్లు ఇట్లా చేశారన్న మాట, ఈ మూడింటి దగ్గర మాత్రం ఒక్కటి కూడా వదలకు. ఆరోజే ఫోన్ చెయ్యి. వీటికి మనుషులు పోతారు, ఆ అంచుదాకా వెళ్లడం నేను కళ్లారా చూశాను.

శనివారం పొద్దున బావనూ మీ పెద్దనాన్ననూ షుగర్ టెస్టుకు నేనే తీసుకెళ్తున్నాను. నువ్వు ఆ లోపల ఫోన్ చేస్తే దారిలో నాకు తేలికవుతుంది.

నీ మేనమామ