టూల్‌కిట్ పోర్టింగ్ చేసే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అమ్మాయి విజయనగరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. తోటివారంతా క్యాంపస్ ఎంపికలకు సిద్ధమవుతుంటే, తను మాత్రం ఒక ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల) ఇంటర్‌ఫేస్ టూల్‌కిట్‌ను హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు పోర్ట్ చేస్తున్నానంటోంది. దానికి రూపాయి రాదు, ఆ సిస్టమ్ వాడేవారెవరూ మాకు తెలియదు. ఆపించమంటారా?

జవాబు: ఆపించకండి. అయితే కొన్ని షరతులు పెట్టండి.

విండోలు, బటన్లు, మెనూలు వంటివాటిని ప్రతి ప్రోగ్రామరూ మొదటి నుంచి రాసుకోనక్కర లేకుండా సిద్ధంగా అందించే కోడే టూల్‌కిట్. క్యూటీ, జీటీకే ఆ కోవలోనివే. అందులో అధిక భాగం ఏ సిస్టమ్‌కైనా ఒకటే. తెర మీద విండో తెరవడం, మౌస్, కీబోర్డుల నుంచి వచ్చే సంకేతాలను అందుకోవడం వంటివి మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారానే జరగాలి కనుక, ఆ భాగాన్ని కొత్త సిస్టమ్‌కు తగినట్లు తిరిగి రాయాలి. ఇలా తిరిగి రాయడమే పోర్టింగ్; మీ అమ్మాయి చేస్తున్నది అదే.

హైకూ విషయంలో ఇది తేలిక కాదు. బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఓపెన్ సోర్స్‌గా పునర్నిర్మించాలని 2001లో మొదలైన ఈ సిస్టమ్‌లో ప్రతి విండోకూ సొంత థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా సాగే పనివరుస) ఉంటుంది. చాలా టూల్‌కిట్లేమో ఇంటర్‌ఫేస్ పనులన్నీ ఒకే థ్రెడ్‌లో జరుగుతాయన్న లెక్కతో రాసినవి. విండో థ్రెడ్‌కు అందిన సందేశాన్ని వరుసలో పెట్టి ప్రధాన థ్రెడ్‌కు చేర్చే క్రమంలో లాక్‌లు (ఒక థ్రెడ్ వాడుతున్నదాన్ని మరొకటి తాకకుండా ఆపేవి) వేసే వరుస తప్పితే, రెండు థ్రెడ్లూ ఒకదాని కోసం మరొకటి ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది. అటువంటి డెడ్‌లాక్‌ను స్వయంగా పట్టుకొని సరిచేసిన విద్యార్థికి, ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు, పరీక్ష కోసం బట్టీపట్టినవారికి అందనంత లోతుగా ఒంటబడుతుంది.

హైకూ తెలిసినవారు కావాలనే ఉద్యోగ ప్రకటన మీకు కనిపించకపోవచ్చు. ఆ మేరకు మీ సందేహం న్యాయమైనదే. కానీ కార్ల డ్యాష్‌బోర్డు తెరలకూ, వైద్య పరికరాలకూ, ఫ్యాక్టరీ యంత్రాలకూ ఇంటర్‌ఫేస్‌లు తయారుచేసే సంస్థలకు సీ++, క్యూటీ, లోతైన డీబగింగ్ (కోడ్‌లో తప్పులు వెతికి సరిచేయడం) వచ్చినవారు అవసరం. ఆ ఉద్యోగాల కోసం ఎక్కువగా బెంగళూరు, పుణె, హైదరాబాద్ వంటి నగరాలకు వెళ్లాల్సి ఉంటుందని మాత్రం ముందే తెలుసుకోండి.

మొదటి షరతు, ఆమె రాసిన కోడ్ మూల ప్రాజెక్టులో చేరాలి. సొంత ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయిన పోర్టు ఎంత గొప్పదైనా, ఇంటర్వ్యూ చేసేవారికి దాన్ని నమ్మే ఆధారం ఉండదు. పనిని చిన్న ప్యాచ్‌లుగా (కోడ్‌లో చేర్చమని పంపే మార్పులుగా) విడగొట్టి, ఒక్కొక్కటీ ఎందుకు అవసరమో రాసి పంపి, నిర్వాహకులు చెప్పిన మార్పులు ఓపికగా చేయాలి. వేల వరుసల ప్యాచ్ ఒకేసారి పంపితే చదివే తీరిక ఎవరికీ ఉండదు.

తెలుగు విషయంలో ఆమెకు ఒక అనుకూలత కూడా ఉంది. వత్తులనూ గుణింతాలనూ కూర్చే పనిని హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ చూసుకుంటుంది. కానీ ‘స్త్రీ’ అన్న అక్షరం దగ్గర కర్సర్ ఎక్కడ ఆగాలి, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఎంత చెరగాలి, సగం టైపు చేసిన అక్షరం ఎలా కనిపించాలి అన్నవి పోర్టులో విడిగా పరీక్షించాలి. తెలుగు చదవలేని ప్రోగ్రామర్లకు ఈ లోపాలు సులువుగా కంటపడవు.

రెండో షరతు, క్యాంపస్ ఎంపికల సన్నాహం మానకూడదు. చాలా సంస్థల తొలి వడపోతలో ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్ ప్రశ్నలే ఉంటాయి; అక్కడ పోర్టింగ్‌కు మార్కులుండవు. రోజూ ఒక గంట వాటికి కేటాయించమనండి, మిగిలిన తీరికను ఆమె ఇష్టానికి వదలండి.

ఇక రూపాయి రాదన్న మాటకు పూర్తిగా కాకపోయినా కొంత జవాబుంది. 2005 నుంచి గూగుల్ నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌లో, ఎంపికైనవారికి ఓపెన్ సోర్స్ పనికి భృతి ఇస్తారు; 18 ఏళ్లు నిండి, ఈ రంగంలో కొత్తవారైతే దరఖాస్తు చేయవచ్చు. హైకూ ప్రాజెక్టు గతంలో పలుమార్లు అందులో పాల్గొంది. దరఖాస్తులు సాధారణంగా మార్చి ప్రాంతంలో తీసుకుంటారు, అప్పటికే ప్యాచ్‌లు పంపినవారి ప్రతిపాదనకు బలం ఎక్కువ కనుక, సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చేలోగా రెండు మూడు ప్యాచ్‌లైనా మూల ప్రాజెక్టులో విలీనమయ్యేలా చూసుకోమని చెప్పండి.