ఆర్‌సీ చూసి వెనక యాక్సిల్ చెప్పలేరు, పళ్లు లెక్కపెట్టండి

పాత పికప్ వెనక యాక్సిల్ ఏదో ఎలా తెలుసుకోవాలి, షాపులో ఆర్‌సీ చూపిస్తే చాలదా అని అడిగారు. చాలదు. మా పర్లాకిమిడి వైపు తిరిగే పాత బండ్లలో కంపెనీ నుంచి వచ్చిన యాక్సిల్ ఇంకా ఉన్నది దొరకడమే కష్టం. ఛాసిస్ ఒక బండిది, హౌసింగ్ (యాక్సిల్ గేర్లుండే ఇనప డొల్ల) ఇంకో బండిది.

మా బావ ఆర్.ఉదయగిరి నుంచి పలాసకు జీడిపిక్కలు దింపి, వచ్చేటప్పుడు సిమెంటు బస్తాలు వేసుకుని ఘాటీ ఎక్కేవాడు. ఒకసారి వెనక నుంచి రొద మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. పాతపట్నంలో మేస్త్రి విప్పి చూస్తే పినియన్, అంటే ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ చివరుండే చిన్న గేరు, పళ్లు చెక్కుకుపోయాయి. బావ ఆర్‌సీ ఫోటో పంపి క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్ సెట్ తెప్పించాడు. పెట్టె మీద మోడల్ పేరు సరిగ్గానే ఉంది. మేస్త్రి మాత్రం ఒక పంటికి సుద్ద రాసి రెండు క్రౌన్లూ లెక్కపెట్టాడు. పాతదానికి 43, కొత్తదానికి 39. పినియన్లకు రెండింటికీ ఎనిమిదే.

"బిగుస్తుంది బాబూ, బండీ నడుస్తుంది. లోడుతో ఘాటీ ఎక్కేటప్పుడు నన్ను తిట్టుకుంటావు" అన్నాడు.

43ని 8తో భాగిస్తే 5.375, 39ని భాగిస్తే 4.875. క్రౌన్ ఒక్క చుట్టు తిరగాలంటే పినియన్ అన్ని చుట్లు తిరగాలన్నమాట. చక్రం దగ్గర లాగే బలం దాదాపు పదో వంతు పోతుంది. షాపతను "ఫిట్ అవుతుంది కదా సార్" అంటూ వెనక్కి తీసుకోవడానికి నానా సతాయింపూ పెట్టాడు. పళ్లెన్నో అడక్కుండా సెట్ అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

విప్పకుండానే తెలుసుకోవచ్చు. బండి కదలకుండా మిగతా చక్రాలకు రాళ్లు గట్టిగా పెట్టి, వెనక ఒక్క చక్రం జాకీతో లేపండి. హ్యాండ్‌బ్రేక్ తీసి న్యూట్రల్‌లో ఉంచండి. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వచ్చే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్ద గీత గీయండి. రెండో చక్రం నేల మీద ఉంది కాబట్టి ఈ చక్రం రెండు చుట్లు తిరిగితే క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. రెండు చుట్లతో తేడా సరిగ్గా తెలియదు, ఇరవై తిప్పండి. షాఫ్ట్ 54 దాకా తిరిగితే మా బావ బండి లాంటిది, 49 దగ్గర ఆగితే 39 పళ్ల సెట్ లాంటిది.

హౌసింగ్ కూడా చూడండి. వెనక మూత బోల్టులతో ఉంటే గేర్లు అటు నుంచే తీస్తారు. వెనక మూసేసి ఉంటే గేర్లున్న మొత్తం గుండు ముందు నుంచి ఊడొస్తుంది. చక్రం మధ్యలో హబ్బు బయటికి పొడుచుకొచ్చి చుట్టూ బోల్టులుంటే అది ఫుల్ ఫ్లోటింగ్ రకం, చక్రం విప్పకుండానే యాక్సిల్ షాఫ్ట్ లాగేయొచ్చు.

ఇంకో మాట, పినియన్ ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చామనే వాళ్ల మాట వినకండి. క్రౌన్, పినియన్ రెంటినీ జతగా అరగదీసి పంపుతారు, జత విడదీస్తే రొద మళ్లీ వస్తుంది. మీది ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్ పళ్లను భాగించినా ఇదే లెక్క రావాలి. బేరింగులకు ఈ పళ్ల లెక్క పనికిరాదు. పాతది చేత్తో పట్టుకెళ్లండి, దాని అంచు మీద నంబరు ఉంటుంది.