సమాధానం: మోకాళ్ల నొప్పి ఉన్న నాన్నగారితో బ్రెగెంజ్‌లో ఫెండర్ కొండ

నమస్తే అండీ. మ్యూనిక్ నుంచి ఒక్క రోజు కోసం ఆస్ట్రియాలోని బ్రెగెంజ్‌కు వెళ్తున్నామని, మోకాళ్ల నొప్పి ఉన్న నాన్నగారిని కేబుల్ కారులో ఫెండర్ కొండ పైకి తీసుకెళ్లి, అందరూ నడిచి దిగితే సులువు కదా అని అడిగారు. దయచేసి అలా చేయకండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ, మోకాళ్ల మీద అసలు భారం పడేది దిగేటప్పుడే.

బ్రెగెంజ్ పట్టణం కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంది, ఫెండర్ శిఖరం 1,064 మీటర్లు. అంటే 660 మీటర్లకు పైగా దిగాలి. అడవి దారిలో చెట్ల వేర్లు పైకి తేలి ఉంటాయి, వాన పడితే వాటి మీద కాలు జారుతుంది.

నాన్నగారికి రానూపోనూ కేబుల్ కారే మంచిది. మీరు నడిచి ఎక్కండి, రెండు గంటలకు పైగా పడుతుంది. పైన కలుసుకుని అందరూ కేబుల్ కారులోనే దిగండి. పసుపు రంగు సూచికల మీద దూరం బదులు నడక సమయం రాసి ఉంటుంది. పిల్లలతో అయితే దానికి ఇంకొంత కలుపుకోండి.

పైన జంతువుల పార్కులో ఐబెక్స్ అనే వంపు కొమ్ముల కొండమేకలు ఉంటాయి. చుట్టూ తిరిగే దారి చిన్నదే, నాన్నగారు నింపాదిగా నడవగలరు. అక్కడి నుంచి కాన్‌స్టాన్స్ సరస్సును ఆయన తప్పక చూడాలి!

మరమ్మతుల కోసం కేబుల్ కారును అప్పుడప్పుడు ఆపుతారు, టికెట్లు కొనేముందే చూసుకోండి. మబ్బు కమ్మితే కొండ వదిలేసి సరస్సు గట్టున నడవండి, అదంతా చదునే.