గుండె మీద కొవ్వు కనపడగానే కత్తెర తీయకు

చిన్నీ,

గుండె మీదుండే నరాల గుంపుల మీద పీహెచ్‌డీ చేస్తావంటగా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది తల్లీ, కంగారుగానూ ఉంది. మామూలు జాగ్రత్తలు నీకు తెలుసు, ఏ రోజు నోట్స్ ఆ రోజే రాసెయ్, వేళకి తిను.

నేను చెప్పాల్సింది కొవ్వు గురించి. మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, చెయ్యి మహా నీట్. కుక్క గుండె మీద ప్రయోగం, అంతా శుభ్రంగా కనపడాలని కుడి పల్మనరీ వెయిన్ల (ఊపిరితిత్తుల నుంచి గుండెకి రక్తం తెచ్చే నాళాలు) దగ్గర కొవ్వంతా ఒలిచేశాడు. తర్వాత వేగస్ నరాన్ని, అదే మెదడు నుంచి వచ్చి గుండెని నెమ్మదింపజేసేదాన్ని, కరెంటుతో స్టిమ్యులేట్ చేస్తే గుండె వేగం తగ్గదే! స్టిమ్యులేటర్‌ని తిట్టాడు, వైర్లు మార్చాడు, వోల్టేజ్ పెంచాడు, ఇంతా చేసి ఈసీజీ కాగితం మీద పీఆర్ ఇంటర్వెల్, అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకి సిగ్నల్ చేరే టైమ్, సాగుతూనే ఉంది. అంటే నరం బాగానే ఉంది, ఆ సిగ్నల్‌ని కిందికి పంపే ఏవీ నోడ్‌కి కబురు అందుతోంది, గుండె వేగాన్ని నడిపే ఎస్ఏ నోడ్‌కే అందట్లేదు. ఎస్ఏ నోడ్‌ని నెమ్మదింపజేసే గాంగ్లియా (నరకణాల గుంపులు) ఎక్కువగా ఆ పారేసిన కొవ్వులోనే ఉంటాయి మరి, ఏవీ నోడ్‌వి ఏమో కింద ఇన్ఫీరియర్ వీనాకేవా (ఒంటి కింది భాగం నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర) దగ్గర వేరే కొవ్వులో. జవాబు కళ్ళెదుటే ఉన్నా ఆ మహానుభావుడు సాయంత్రం దాకా మెషీన్‌తోనే కొట్లాడాడు. నీకూ ఆ మొండితనం ఉంది, కాదనకు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. అయినా అదే నిన్ను ఇంతదాకా తెచ్చిందిలే.

ఇంకోటి, గాంగ్లియా అంటే మెదడు ఉత్తరాలు మోసే పోస్ట్‌మ్యాన్లని అప్పట్లో చాలామంది అనుకునేవాళ్ళు. మనిషి గుండె మీద 14,000కి పైగా న్యూరాన్లు ఉంటాయని అంచనా, వాటిల్లో కొన్ని గుండె నుంచే సమాచారం తీసుకుని పక్కవాటికి అందిస్తాయి. అందుకే వేగస్ కబురుని ఆపే అట్రోపిన్ మందు ఒక్కటి ఇచ్చి ఊరుకోకు, అది ఆపేది గుండె కండరం దగ్గర, గాంగ్లియా లోపలి సైనాప్స్ (ఒక న్యూరాన్ ఇంకోదానికి కబురిచ్చే చోటు) దగ్గర ఆపాలంటే హెక్సామెథోనియం అనే మందు కావాలి. రెండూ పెట్టి చూస్తేనే ఎక్కడ తెగిందో తెలుస్తుంది.

నా అసలు భయం అబ్లేషన్, అంటే ఆ నరాల గుంపుల్ని కాల్చెయ్యడం. వేగస్ నుంచి అసిటైల్‌కోలిన్ (నరం కబురు మోసే రసాయనం) ఎక్కువైతే ఏట్రియంలో, అంటే పై గదిలో, రిఫ్రాక్టరీ టైమ్ (ఒక దెబ్బ తర్వాత కండరం ఇంకో సిగ్నల్‌కి స్పందించని సమయం) తగ్గిపోయి ఫిబ్రిలేషన్‌కి (లయ తప్పి అదరడానికి) దారి దొరుకుతుంది, నిజమే, అందుకే ఆ గుంపుల్ని కాల్చేద్దామంటారు. కాల్చడం తేలికే, కానీ నరం తీగ తెగితే మళ్ళీ పెరగొచ్చు, న్యూరాన్ ఒళ్ళే కాలిపోతే అది తిరిగి రాదు. నరాలు తెగిన గుండె ఎలా ఉంటుందో ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లని చూడు, ఖాళీగా కూర్చున్నా నిమిషానికి 90 నుంచి 110 కొడుతుంది. మీ గైడ్ తొందరపెట్టినా సరే, ముందు స్టిమ్యులేట్ చేసి ఏ గుంపు ఏం చేస్తోందో రాసుకున్నాకే కాల్చు.

మొదటి ట్రేసింగ్ రాగానే ఫోటో పంపు, కొవ్వు ముట్టుకోకముందుది, ముట్టుకున్నాకది, రెండూ.

పెదనాన్న