ఐయూఐకి ముందు రుబెల్లా టెస్టు అవసరమా? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీకు 31 ఏళ్ళు, వచ్చే నెల మొదటి ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే ట్రీట్‌మెంట్). డాక్టరు రుబెల్లా (దద్దుర్లు వచ్చే ఒక వైరస్ జబ్బు) ఐజీజీ, చికెన్‌పాక్స్ ఐజీజీ అనే రక్తపరీక్షలు రాశారు. మీ అత్తగారేమో "చిన్నపిల్లల టీకాల టెస్టులు ఇప్పుడెందుకు, డబ్బులు గుంజడానికి కాకపోతే" అంటున్నారు. రిపోర్టు తేడాగా వస్తే ట్రీట్‌మెంట్ ఎన్నాళ్ళు వెనక్కి పోతుందోనని మీ టెన్షన్.

చేయించుకోండి, అదీ రేపే. ఆ టెస్టు లేకుండానే రెండు ఐయూఐలు చేయించుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

మేము మొదట వెళ్ళిన సెంటర్లో (పేరు వద్దులెండి) థైరాయిడ్, షుగర్, ఏఎంహెచ్ (అండాల నిల్వ చూసే టెస్టు), హెచ్‌ఐవీ, హెపటైటిస్ అన్నీ చేశారు. రుబెల్లా ఊసే ఎత్తలేదు. నాకూ తెలియదు. రెండూ ఫెయిలయ్యాక హైదరాబాద్‌లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నా ఫైలంతా ఒక్కో కాగితం తిరగేసి, "రుబెల్లా రిపోర్టు ఏదమ్మా?" అన్నారు. లేదన్నాను. "మరి రెండు సైకిల్స్ ఎలా చేశారు?" అని నన్నే అడిగారు. నాకేం తెలుసు!

రెండు రోజుల్లో రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. రుబెల్లా ఐజీజీ: నెగటివ్. హమ్మయ్య అనుకున్నాను. కరోనా రోజుల్లో నెగటివ్ అంటే పండగే కదా, ఆ అలవాటు. మా ఆయనకి ఫార్వర్డ్ చేసి నమస్కారం బొమ్మ కూడా పెట్టాను. దాని కిందే చికెన్‌పాక్స్ ఐజీజీ పాజిటివ్ అని ఉంది, అది చూసి భయమేసింది. డాక్టరు దగ్గర తేలిందేమంటే, నేను రెండూ తలకిందులుగా చదివాను. ఐజీజీ అనేది రక్తంలో ఉండే ఒక యాంటీబాడీ, పాత జ్ఞాపకం లాంటిది. ఆ జబ్బు వచ్చిపోయినా, టీకా పడినా ఒంట్లో మిగిలేది అది. కాబట్టి ఈ టెస్టులో పాజిటివ్ వస్తే మంచిది, రక్షణ ఉన్నట్టు. నెగటివ్ అంటే ఆ వైరస్ నుంచి మీకు రక్షణ లేనట్టు. నాది 3 వచ్చింది, ఆ ల్యాబ్ లెక్కలో 10 దాటితేనే రక్షణ. ల్యాబ్‌ని బట్టి ఈ గీత మారుతుంది, అందుకే పక్కన ఇచ్చే రేంజ్ కూడా చూడాలి. ఐజీఎం అని ఇంకోటి ఉంటుంది, అది ఈమధ్య సోకిందా అని చూసేది. దానిలో లేనిది ఉన్నట్టు కూడా వస్తుంటుంది. మీకు రాసింది ఐజీజీయే కాబట్టి ఐజీఎం జోలికి పోకండి.

చికెన్‌పాక్స్ ఎందుకు పాజిటివ్ వచ్చిందో మా అమ్మకి ఫోన్ చేస్తే వెంటనే తేలిపోయింది. మూడో తరగతిలో నాకు అమ్మవారు పోసిందట. పక్క మీద వేపాకులు, గుమ్మానికి వేపమండలు, తలస్నానం పోసేదాకా ఇంట్లో తాలింపు కూడా పెట్టలేదట. "దాంతోపాటు నీకు తట్టు కూడా పోసింది కదే, ఆ రుబెల్లా ఏదో అదే అయ్యుంటుంది" అంది అమ్మ. అదే డాక్టరుకి చెబితే ఆవిడ నవ్వారు. మనవాళ్ళు ఒంటి మీద ఎర్రగా ఏం లేచినా తట్టే అంటారు. రుబెల్లా దద్దుర్లు, మీజిల్స్ దద్దుర్లు, ఇంకో వైరస్ దద్దుర్లు చూపుకి ఒకేలా ఉంటాయి. కాబట్టి ఆటలమ్మ విషయంలో అమ్మ మాటకి కొంత విలువుంది కానీ, రుబెల్లాకి మాత్రం రక్తపరీక్ష కాగితమో, టీకా వేసిన కార్డో ఉండాల్సిందే.

మన వయసు వాళ్ళలో చాలామంది దగ్గర ఆ కార్డు ఉండదు. అప్పట్లో గవర్నమెంటు టీకాల్లో రుబెల్లా లేదు, ప్రైవేటులో ఎంఎంఆర్ వేయించినవాళ్ళకే ఉంటుంది. ఆంధ్రలో, తెలంగాణలో మీజిల్స్-రుబెల్లా టీకా స్కూళ్ళకి వచ్చి మరీ వేసింది 2017 ఆగస్టులో, అదీ తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకి. అప్పటికి మీరు, నేను ఆ వయసు ఎప్పుడో దాటేశాం.

రుబెల్లా పెద్దవాళ్ళకి పెద్ద జబ్బేం కాదు. రెండు మూడు రోజులు కాస్త జ్వరం, దద్దుర్లు, చెవుల వెనక బిళ్ళలు, అంతే. కొందరికి వచ్చిన సంగతే తెలియదు. అదే కడుపుతో ఉండగా మొదటి మూడు నెలల్లో సోకితే బిడ్డకి తగిలే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. గర్భం పోవచ్చు, లేదా బిడ్డ కంట్లో శుక్లంతోనో, గుండె లోపంతోనో, చెవుడుతోనో పుట్టొచ్చు. దీన్ని మొదట పట్టుకున్నది ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు, 1941లో. పుట్టుకతోనే శుక్లాలున్న పిల్లలు వరసగా వస్తుంటే, తల్లుల్ని అడిగితే చాలామంది కడుపుతో ఉన్నప్పుడు దద్దుర్లు వచ్చాయన్నారట. ఇన్ని ఇంజెక్షన్లు పొడిపించుకుని, ఇంత ఖర్చు పెట్టి తెచ్చుకునే గర్భానికి ఈ చిన్న టెస్టు ఎక్కువా? మీ అత్తగారికి ఇది చెప్పి చూడండి.

ఇప్పుడు మీ అసలు టెన్షన్‌కి వద్దాం. రుబెల్లాకి వేసేది ఎంఎంఆర్, అంటే మీజిల్స్, గవదబిళ్ళలు, రుబెల్లా మూడూ కలిసిన టీకా. బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి కడుపుతో ఉండగా వేయరు, వేశాక ఒక నెల గర్భం రాకుండా ఆగమంటారు. వెనకటికి మూడు నెలలు ఆగమనేవారు. 2001లో అమెరికా వాళ్ళు దాన్ని 28 రోజులకి తగ్గించారు. ఇక్కడ కొందరు డాక్టర్లు ఇప్పటికీ మూడు నెలలనే అంటారు. మీకూ అలాగే చెబితే గొడవ పడకుండా "28 రోజులు సరిపోవా మేడమ్?" అని ఒక్కసారి అడగండి. నా ఏఎంహెచ్ 1.1, అంటే తక్కువే, అప్పుడు నాకు ఒక్కో నెల ఒక్కో సంవత్సరంలా ఉండేది. వయసు తొందరపెడుతున్నవాళ్ళకైతే ముందు ఎగ్స్ తీసి ఎంబ్రియోలు (పిండాలు) ఫ్రీజ్ చేసి, టీకా వేసి, నెల దాటాక గర్భసంచిలోకి ట్రాన్స్‌ఫర్ చేసే ఐవీఎఫ్ దారి కూడా ఉందని మా డాక్టరు చెప్పారు. ఐయూఐకి అది కుదరదు లెండి.

చికెన్‌పాక్స్ కూడా నెగటివ్ వస్తే కాస్త ఎక్కువ పడుతుంది. దానికి రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాలు, రెండోది అయ్యాక మళ్ళీ నెల. రెండు టీకాలూ అవసరమైతే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ మొదటి డోసు ఒకే రోజు వేయించుకోండి. అలా కాకుండా వేరువేరుగా వేయిస్తే మధ్యలో 28 రోజులు ఆగాలి, ఊరికే ఒక నెల పోతుంది. హెపటైటిస్ బి బతికున్న టీకా కాదు, దానికోసం ఏదీ ఆపక్కర్లేదు.

టీకా ఎక్కడ వేయించుకోవాలన్నది ఇంకో తలనొప్పి. మా ఫెర్టిలిటీ సెంటర్లో స్టాకు లేదు, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. సాయంత్రం ఓపీ, హాలు నిండా పిల్లలు. ఒకడు నా చున్నీ అంచు పట్టుకుని వదలడు. కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండా "పాప పేరు?" అంది. నా పేరు చెప్పాను. "వయసు ఎన్ని నెలలు?" అంది. ముప్పై మూడేళ్ళు అన్నాక తలెత్తి చూసింది. పాపం, తనే ఇబ్బంది పడి, అట్ట మీద బోసినవ్వుల పాప బొమ్మ ఉన్న కార్డులో "నెలలు" కొట్టేసి "సం." అని రాసింది. ఇంట్లో ఏడుద్దామనుకున్నాను కానీ ఆటోలోనే ఏడ్చేశాను. మీరు వెళ్ళేటప్పుడు తోడుగా ఎవర్నైనా తీసుకెళ్ళండి, లేదా మధ్యాహ్నం ఖాళీగా ఉండే టైము కనుక్కుని వెళ్ళండి.

పీరియడ్ రెండో రోజో మూడో రోజో వేయించుకుంటే గర్భం లేదన్న ధైర్యం ఉంటుంది. ఆ నెలంతా కండోమ్ తప్పదు. ఇన్నేళ్ళు పిల్లల కోసం ఆరాటపడి ఇప్పుడు మెడికల్ షాపులో అది అడగడం, మా ఆయనకి ఒకటే నవ్వు. ఒకవేళ పొరపాటున ఆ నెలలోనే నిలిచినా కంగారుపడి తీయించుకోకండి. టీకా వల్ల బిడ్డకి రుబెల్లా లోపాలు వచ్చిన దాఖలాలు లేవు, దానికోసం అబార్షన్ అక్కర్లేదు. డాక్టరుకి చెబితే చాలు.

నాకు వేయించుకున్న రోజు ఏం కాలేదు. పన్నెండో రోజున పొద్దున్నే వేళ్ళ కణుపులు పట్టేసి దోసె గరిటె పట్టుకోలేకపోయాను. ఆడవాళ్ళలో కొందరికి ఇలా అవుతుందట, నాలుగు రోజుల్లో తగ్గింది. ఖాళీగా ఉన్న ఆ నెలలో ఎప్పటినుంచో సతాయిస్తున్న పన్ను పీకించుకున్నాను. తర్వాత మళ్ళీ టెస్టు చేస్తే 40 దాటింది. ఆ తర్వాత ఐవీఎఫ్‌లో రెండో ట్రాన్స్‌ఫర్‌కి గర్భం నిలిచింది. నిలవడానికీ టీకాకీ సంబంధం లేదు, ఎవరైనా అలా చెబితే నమ్మొద్దు.

మీ వారు వేయించుకోవాలా అని కూడా అడిగారు. రక్షణ లేకపోతే వేయించుకోవడం మంచిదే, ఇంట్లోకి జబ్బు మోసుకురాకుండా ఉంటుంది. దానివల్ల మీ ట్రీట్‌మెంట్ ఆగదు. మావారు నాతోపాటే వేయించుకున్నారు, అదే హాల్లో, అదే కౌంటర్లో. ఆయన్ని మాత్రం ఆ అమ్మాయి "బాబు పేరు?" అని అడగలేదు. నేరుగా "సార్, మీ వయసు?" అంది, అప్పటికే నన్ను చూసింది కదా.